చుట్టాల మరుగుదొడ్డి

ప్లాస్టిక్ పూలు ఎర్రవి పెట్టాలా, పసుపువి పెట్టాలా అన్న దగ్గర అన్నాచెల్లెళ్లకు మాటా మాటా పెరిగింది.

"ఎర్రవైతేనే సందర్భానికి నప్పుతాయి అన్నయ్యా. నల్లవి దొరికితే ఇంకా మంచిది," అంది పోకువా, కొత్త మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి.

"నల్లపూలు ఏ చెట్టుకైనా పూస్తాయా? పసుపువి పెట్టు. తెల్లటి పలకల మీద కళగా ఉంటాయి," అన్నాడు బ్రెంపాంగ్.

"కళ కావాలంటే నీ సిమెంటు కొట్లో పెట్టుకో."

"ఏ సందర్భానికే?" అని వెనకనుంచి అడిగింది ఇద్దరికీ మధ్యదైన డూఫీ.

బ్రెంపాంగ్ గోడ పలకలు తడిమి చూశాడు. పోకువా పూలకు దుమ్ము దులపడం మొదలుపెట్టింది. అప్పుడే సంతలోంచి తెచ్చిన పూలకు దుమ్మెక్కడిదో ఆమెకే తెలియాలి.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. "చుట్టాలొచ్చినప్పుడు" అంటారు. "అందరూ కలిసినప్పుడు" అంటారు. చావుకు కట్టే ఎరుపు, నలుపు రంగుల గురించి వాదించుకుంటూ కూడా "సందర్భం" అంటారు. తల్లి ఆఫ్రకోమాకు గర్భాశయంలో మొదలైన క్యాన్సర్ ఒళ్లంతా పాకిందనీ, నొప్పి తెలియకుండా చూసుకోవడం తప్ప ఇక చేసేదేమీ లేదనీ కుమాసీ పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పిన మరుసటి వారమే బ్రెంపాంగ్ మేస్త్రీని పిలిపించాడు. వాళ్ల ఊరు ఎఫిడువాసిలో చాలామంది మనిషి పోయాక, శవాన్ని చల్లగదిలో నెలల తరబడి ఉంచి, అంత్యక్రియలకు వచ్చేవాళ్ల కోసం అప్పుడు తీరిగ్గా ఇంటికి మరమ్మతులు చేయిస్తారు. బ్రెంపాంగ్‌కు ముందుచూపు ఎక్కువ. తల్లిని అలా చలిలో పడుకోబెట్టడం అతనికి ఇష్టంలేదు. అందుకని గోడలకు సున్నం, కప్పుకు కొత్త రేకులు, వీధి వసారా పక్కనే చుట్టాల కోసం తెల్లపలకల మరుగుదొడ్డి, అన్నీ ఆమె బతికుండగానే పూర్తయ్యాయి. మరుగుదొడ్డికి తాళం కూడా వేశాడు, మాసిపోకుండా.

ఆఫ్రకోమా మంచం ఆ వసారా పక్క గదిలోనే. మంచం మీంచి చూస్తే కొత్త తలుపు కనిపిస్తుంది. ఆమె వెళ్లేది మాత్రం పెరటి చివర, వంటపాక దాటి, మురికికాలువ మీద వేసిన చెక్క దాటి ఉన్న పాత దొడ్డికి. ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి డూఫీ భుజం మీద. దారిలో ఆగి, వంటపాక స్తంభం పట్టుకుని, నొప్పి తగ్గేదాకా కళ్లు మూసుకుని నిలబడుతుంది. వచ్చి పడుకుందో లేదో మళ్లీ లేవాల్సి వస్తుంది. రోగం అలాంటిది.

బడిలో ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి ఈ మధ్యే పదవీ విరమణ చేసిన డూఫీకి గొంతు పెంచే అలవాటు లేదు. మెల్లగానే అడిగింది, "తాళం చెవి ఇవ్వు అన్నయ్యా. అమ్మకి నాలుగడుగుల దూరం."

"సిమెంటు ఇంకా ఆరలేదే."

"పలకలు అతికించి నెల దాటింది."

"నీకు తెలీదు. లోపల తడి ఉంటుంది," అన్నాడు సిమెంటు అమ్మేవాడు. తర్వాత గొంతు తగ్గించి, "మాంపాంగ్ ఊరి వియ్యాలవారు వస్తారు. ఆ మహాతల్లులు కాఫిన్ కంటే ముందు బాత్రూమ్ చూస్తారు," అన్నాడు.

వాన పడ్డ రోజు కాలువ మీద చెక్క జారి, ఆఫ్రకోమా బురదలో చతికిలబడింది. ఎముకలేవీ విరగలేదు. డూఫీ ఆమెను కడిగి, బట్టలు మార్చి, తిన్నగా చెల్లెలి దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. పోకువా అక్క ముఖం చూసి, తన దగ్గరున్న రెండో తాళం చెవి ఇచ్చేసింది.

డూఫీ తలుపు తీసి తల్లిని గుమ్మం దాకా నడిపించింది. ఆఫ్రకోమా లోపలికి తొంగి చూసింది. పలకలు, అద్దం, తెల్లటి తొట్టి, చివరికి పసుపుపచ్చ పూలు. ఆమె ముఖం విప్పారింది.

"బాగా కట్టించాడు నా కొడుకు," అంది. కాలు మాత్రం లోపల పెట్టలేదు.

"వెళ్లమ్మా."

"ఇందులోకా? పిచ్చిదానా! నేను ఇందులోకి వెళ్తే వచ్చినవాళ్ల కోసం ఏం మిగులుతుంది?"

"అమ్మా, ఇది నీ ఇల్లు."

"నా ఇల్లే, నా చావే. అందుకే చెప్తున్నా. ఈ చుట్టుపక్కల నేను వెళ్లని చావుందా? పాట ఎవరు పాడారో గుర్తులేదు గానీ, ఎవరింట్లో దొడ్డి కంపు కొట్టిందో ఒక్కొక్కటీ చెప్పగలను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అదే కదే మా మాట! రేపు నా గురించి ఆ నోళ్లన్నీ అదే అనవూ?" అని నవ్వింది. నవ్వితే నొప్పి లేచి, గుమ్మం పట్టుకుంది. "పద, ఆ వెనక్కే పద."

ఇంట్లో ఆ మాటను అన్నది ఆమె ఒక్కతే. అదీ ఇలా.

ఆ వారం నొప్పి మందు తెచ్చిన నర్సు ఆఫ్రకోమా నాలుక చూసి, చేతి మీది చర్మం పట్టి లాగి చూసింది. "మంచినీళ్లు తాగట్లేదా ఈవిడ?" అని డూఫీని అడిగింది. అప్పుడు గాని డూఫీకి వెలగలేదు. తలవైపు పెట్టిన చెంబు పెట్టినట్టే ఉంటోంది. పులుసు పక్కకు నెట్టేస్తోంది. నడవాల్సి వస్తుందని తల్లి తాగడం మానేసింది.

"ఇలాగైతే క్యాన్సర్ దాకా అక్కర్లేదు," అంది నర్సు సంచీ సర్దుకుంటూ.

ఆదివారం ఆఫ్రకోమా తమ్ముడు అజెపాంగ్ వచ్చాడు. వంశానికి పెద్ద ఆయనే. పిల్లలకు మేనమామ మాటే మాట. చర్చి నుంచి వచ్చాక ఉడికించిన కర్రపెండలాన్ని ఫుఫు ముద్దగా దంచి, వేరుసెనగ పులుసులో కోడి వేసి వండారు. ఆఫ్రకోమాను దిండ్లు ఆనించి వసారాలో కూర్చోబెట్టారు. ఆమె ముందు గిన్నె పెట్టారు. ఆమె వేలు తడిపి నాకి, గిన్నె దూరం జరిపింది.

"బాగుందిరా బ్రెంపాంగ్," అన్నాడు అజెపాంగ్ కొత్త తలుపు వైపు చూస్తూ. "మన వంశంలో ఇంతవరకు ఎవరికీ ఇంత ఏర్పాటు జరగలేదు. అక్క అదృష్టవంతురాలు."

"అంతా మీ ఆశీర్వాదం మామయ్యా," అన్నాడు బ్రెంపాంగ్.

డూఫీ చెయ్యి కడుక్కుని, తడి చేతినే ఒళ్లో పెట్టుకుని, "పొద్దున చర్చికి బయల్దేరే ముందు నేను ఆ బాత్రూమ్‌లోకి వెళ్లొచ్చాను," అంది.

పోకువా ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"తినేచోట అవేం మాటలే!" అన్నాడు అజెపాంగ్.

"నిన్న కూడా వెళ్లాను మామయ్యా. సబ్బు సగం అరిగింది. తువ్వాలు మాసింది. ఇక అది కొత్తది కాదు, దాచిపెట్టడానికేం లేదు." డూఫీ గొంతు పాఠం చెప్పే గొంతే, హెచ్చలేదు, తగ్గలేదు. "ఈ పూట నుంచి ఇంట్లో అందరం అందులోకే వెళ్తాం. మీరు కూడా. వెనక దొడ్డికి తాళం వేశాను, చెవి ఇవ్వను. అమ్మ పోయిన రోజుకి అది మెరవాలంటే నేనే మోకాళ్ల మీద కూర్చుని తోముతాను. ఆ రోజు వచ్చేదాకా అది అమ్మది."

బ్రెంపాంగ్ మామయ్య ముఖం చూశాడు. మామయ్య కోడి ఎముక వైపు చూశాడు.

"సిగ్గులేనిదానా," అంది ఆఫ్రకోమా. "నా చావుకి కట్టింది నువ్వు మైలపరిచావా?"

"అవునమ్మా."

ఆఫ్రకోమా దిండ్ల మీంచి ముందుకు జరిగింది. ఇందాక దూరం జరిపిన గిన్నెను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"ఇది చల్లారిపోయింది," అంది. "వేడిది పోయవే. నిండా."