బండి కింది మనిషి

కాశన్న గుంతలో నిలబడి, పైన ఆపిన జీపు అడుగున ఇరుక్కున్న నల్లరేగడి మట్టిని నీళ్ళ పైపుతో కొడుతున్నాడు. ముఖం మీద కారే మట్టినీళ్ళను భుజంతో తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా కోసిగి వాటర్ సర్వీసింగులో ఇదే పని. అరచేతులు నాని తెల్లబడ్డాయి. గోళ్ళ సందుల్లో గ్రీజు మాత్రం పండగనాడు కూడా పోదు. ఇన్ని బండ్లు కడిగినవాడికి ఒక్కటీ నడపడం రాదు. ఆ తడిబట్టలతో సీట్లో కూర్చోమన్నవాళ్ళూ లేరు.

అయినా ఊళ్ళో ఎవరు బండి కొనాలన్నా ముందు అతన్నే అడుగుతారు. "పైన రంగు చూసి మురిసిపోతారప్పా. బండి గుణం అడుగున తెలుస్తాది" అంటాడు. ఏ రేకు మూడో వానకే తుప్పు పడుతుందో, ఏ డిజైను మన గతుకుల రోడ్డు మీద నిలవదో, ఎదురుగా ఉన్న టీ బంకు బెంచీ మీద కూర్చుని తీర్పు చెబుతాడు. ఆ పావుగంట అతను పెద్దమనిషి.

ఆ పెద్దరికమే రెండేళ్ళ కిందట కొంప ముంచింది. తన కొంప కాదు, ప్రేమయ్యది.

ఆటో నడిపే ప్రేమయ్య అప్పుడు చార్జింగ్ ఆటో కొందామని ఆదోనికి బయల్దేరుతూ బెంచీ దగ్గర ఆగాడు. "ఎట్లుంటాదన్నా?" అని అడిగాడు. కాశన్న అంతవరకు అలాంటి బండి అడుగు చూడనేలేదు. కానీ పదిమంది అతని నోటివైపే చూస్తున్నారు. తెలీదన్న మాట గొంతు దాటలేదు.

"వద్దప్పా. వంకలో నీళ్ళు తగిల్తే మోటరు కాలిపోతాది. డీజిల్ బండే గట్టి" అన్నాడు.

ప్రేమయ్య పాత డీజిల్ ఆటో తెచ్చుకున్నాడు. అది రోడ్డెక్కిన రోజులకన్నా షెడ్డులో పడున్న రోజులే ఎక్కువ. ఊళ్ళోకి చప్పుడు లేని చార్జింగ్ ఆటోలు నాలుగు వచ్చేసరికి ఎక్కేవాళ్ళంతా అటే పోయారు.

మధ్యాహ్నం జ్ఞానమణి టీచరు తన కరెంటు కారు తెచ్చి గుంత మీద ఆపింది. కాశన్న పైపు పక్కన పెట్టి తడిగుడ్డ అందుకున్నాడు.

"అడుగు కూడా కడుగు కాశన్నా."

"నీళ్ళు తగలకూడదేమో టీచరమ్మా."

"వానకాలమంతా వంకలోనే దాటిస్తి. ఏం కాలే."

గుంతలోకి దిగి తలెత్తాడు. నూనె చెమ్మ లేదు, సైలెన్సరు లేదు. మూత బిగించిన పెట్టెలా అడుగంతా నున్నగా ఉంది. భయంభయంగా నీళ్ళు కొట్టాడు. మట్టి జారిపోయింది, అంతే. కారు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాక కూడా అతనికి గుంతలోంచి పైకి రాబుద్ధి కాలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

సాయంత్రం ప్రేమయ్య ఆటోను తోసుకుంటూ వచ్చాడు. వెనక భార్య దీవెన, నెత్తిన సామాన్ల మూట.

"సుగ్గికి పోతాండామన్నా, గుంటూరు పక్క మిరప కోతలకు. బండి ఈడ పెట్టిపోతా. ఎవరన్నా కొంటామంటే ఇచ్చెయ్."

కాశన్న చెప్పేయాలనుకున్నాడు.

"ప్రేమయ్యా, ఆ పొద్దు నేను..."

"నీదేం తప్పు లేదులేన్నా, నా రాత. అందరూ తోచింది చెప్పిరి. నువ్వొక్కనివే తెలిసి చెప్పినావు."

బెంచీ మీదివాళ్ళు తలలూపారు. ప్రేమయ్య సీటు కింద నుంచి పాత డబ్బా తీసి, వంగి, ఇంజను కింద సరిగ్గా పెట్టాడు.

"నూనె కారతాది. నువ్వు కడిగిన జాగా ఖరాబైతాది" అన్నాడు.

కూలీల లారీ వచ్చింది. దీవెన ముందెక్కి చెయ్యందించింది. దుమ్ము అణిగేదాకా కాశన్న అక్కడే నిలబడ్డాడు.

"కరెంటు కారు కడిగినావంట. ఎట్లుండాది?" అని బెంచీ మీంచి ఎవరో అడిగారు.

"నాకు తెలీదప్పా" అన్నాడు కాశన్న.

ఆటో కింద, ప్రేమయ్య పెట్టిపోయిన డబ్బాలో నల్లటి నూనె ఒక్కొక్క చుక్కే పడుతోంది.