చివరి పేజీలు ఊడిన నవల

మా అత్తగారు ఆదిలక్ష్మికి చూపు పోయి మూడేళ్లయింది. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. రోజూ భోజనాలయ్యాక మంచం పక్కన కుర్చీ వేసుకుని డిటెక్టివ్ గరళకంఠం నవల పైకి చదవడం నా డ్యూటీ. ఒక్క వాక్యం మింగినా పట్టేసేది. ఒకసారి మా ఆయన రవిశంకర్ నోరు జారి హంతకుడి పేరు చెప్పేస్తే, కన్నకొడుకని కూడా చూడకుండా రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ వానాకాలం జ్వరంతో మంచం పట్టింది. తెనాలి డాక్టర్లందరూ పెదవి విరిచారు. అప్పుడే ఓ కొత్త పాట ఎత్తుకుంది.

"ప్రమీలా, కాస్త గట్టిగా చదవ్వే. కాళ్ల దగ్గర కూర్చున్నాయనక్కూడా వినపడాలిగా."

"ఎవరండీ అత్తయ్యా?"

"నన్ను తీసుకెళ్లడానికొచ్చినాయన. హంతకుడెవరో తెలిసేదాకా లేవడంట."

జ్వరం మాటలనుకున్నాను. తీరా చూస్తే నవారు మంచం ఆ చివర నిజంగానే కుంగి ఉంది. మా ఆయన చేత నవారు బిగించి కట్టించాను. మర్నాడు పుస్తకం తెరిచేసరికి మళ్లీ కుంగింది.

గరళకంఠం ఆఖరి నవల పూర్తి చేసి మూయగానే మంచం కిర్రుమంది.

"లేచి నిలబడ్డాడే," అంది అత్తయ్య. ఆవిడ గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి. ఆవిడంటే నాకు విసుగూ ఉంది, ప్రాణమూ ఉంది. బిక్కుబిక్కుమంటూ కాపురానికొచ్చిన నన్ను ఈ ఇంట్లో మొదట నవ్వించింది ఆవిడే.

"రేపు కొత్తది తెస్తానండీ," అన్నాను, మంచం కాళ్ల వైపు చూస్తూ. నవారు మెల్లగా కుంగింది.

బాపట్లలో నాకు తెలిసిన అద్దె పుస్తకాల షాపు కాస్తా సెల్‌ఫోన్ల షాపైపోయింది. అక్కడెవరో చెబితే రేపల్లె వెళ్లాను. స్టేషన్ దగ్గర సందులో ఇమామ్ సాహెబ్ అనే పెద్దాయన ఇంకా నవలలు అద్దెకిస్తున్నాడు. డిటెక్టివ్ నవల కావాలంటే ఒకటి తీసి, మళ్లీ లోపల పెట్టబోయాడు.

"ఇదొద్దులేమ్మా. కథ బాగుంటది గానీ చివరి పేజీలు ఊడిపోయినయ్. చంపిందెవరో తెలవదు."

"అదే ఇప్పించండి బాబాయిగారూ," అన్నాను. నా తెలివికి నేనే రైల్లో మురిసిపోయాను.

అందులో ఓ రైసుమిల్లు యజమాని హత్య. అనుమానితులు తమ్ముడు, కాంపౌండరు, పాలేరు. ఉన్న పేజీలు అయిపోయాక, ఉత్త అట్ట కేసి చూస్తూ సొంతంగా అల్లడం మొదలుపెట్టాను. తమ్ముడి మీద అనుమానం తీసి పాలేరు మీద వేశాను. సూర్యలంక ఒడ్డుకి కొత్త శవాన్ని కొట్టుకొచ్చేలా చేశాను. ఇక్కడ అత్తయ్యకు జ్వరం తగ్గింది. ఇడ్లీ తింది, చట్నీలో ఉప్పు లేదని తిట్టింది. అంత కమ్మని తిట్లు నేనెప్పుడూ తినలేదు.

ఒక మధ్యాహ్నం చూస్తే మంచం ఆ చివర నవారు బిగువుగా ఉంది.

"వెళ్లిపోయాడండీ అత్తయ్యా!" అన్నాను, సంతోషం పట్టలేక ఆవిడ చెయ్యి పట్టుకుని.

ఆవిడ ఊపిరి బిగబట్టి చెవి నా వైపు తిప్పింది.

"వెళ్లలేదే పిచ్చిమొహమా. నీ పక్కకొచ్చాడు. కథ పుస్తకంలో లేదని కనిపెట్టేశాడు. హంతకుడెవరో తెలిసింది నీకొక్కదానికేగా?"

కరెంటు పోయి ఫ్యాను ఆగి ఉంది. అయినా నా మెడ మీద చల్లగా ఊపిరి తగిలింది. పక్కకు చూడాలంటే భయమేసింది.

"ముగించెయ్యవే," అంది.

వద్దన్నట్టు తల ఊపాను. ఆవిడకు కనపడదని గుర్తే లేదు. అయినా గ్రహించింది. మోచేతి మీద లేచి, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు కేసి గట్టిగా అంది:

"చంపింది కాంపౌండరయ్యా. మందులో కలిపి ఇచ్చాడు. అయిపోయింది కథ. దాన్నొదిలి ఇటు రా."

నా మెడ మీద చలి పోయింది. నేను అనుకున్నదీ కాంపౌండరునే. కాదని అబద్ధం చెబుదామని నోరు తెరిచేలోపే, ఆవిడ చెయ్యి నా చేతిలో బరువెక్కింది.