ఇంట్లో చెప్పొద్దన్న నొప్పి

మోస్రా ఉన్నత పాఠశాలలో పాల్ రాజ్ వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇల్లు బోధన్‌లో. తెల్లవారకముందే బండి మీద బయల్దేరి, కాలువ కట్ట మీద పిల్లలను పరుగెత్తించి, ఆ చెమటతోనే బడిలో అడుగుపెట్టేవాడు. బడిలో ఆటలే కాదు, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడటం, రాని టీచర్ల తరగతులు చూసుకోవడం కూడా ఆయన నెత్తినే ఉండేవి. సాయంత్రం మళ్లీ మైదానం. జ్వరం వచ్చినా మాత్ర మింగి వచ్చేవాడు, అలా రావడం గొప్ప అనుకునేవాడు. ఆదివారం చర్చిలో భార్య రజిని పక్కన కూర్చుని కునికిపాట్లు పడేవాడు.

పదో తరగతి శైలజ ఆయన కంట పడింది ఆ కట్ట మీదే. వరి రైతు నర్సన్న కూతురు. పరుగెత్తుతూ నవ్వే పిల్ల. గట్టున వాలిన కొంగలను లేపాలని దారి తప్పి మరీ వాటి మీదికి ఉరికేది. ఆ వేగం చూసి పాల్ రాజ్‌కు ఆశ పుట్టింది. ఆ బడి నుంచి ఇంతవరకు ఎవరూ రాష్ట్ర పోటీల దాకా పోలేదు. పొద్దుటి పరుగుకు సాయంత్రం పరుగు కలిపాడు. చివరికి ఆదివారం సెలవు కూడా తీసేసి, ఆరాధన ముగియగానే మోస్రాకు వచ్చేవాడు. శైలజ ఏనాడూ రానని అనలేదు. ఎప్పుడు మానేసిందో గానీ, కొంగల వైపు చూడటం మాత్రం మానేసింది.

దసరా తర్వాత ఒకరోజు పరుగు మధ్యలో ఆగి, మోకాలి కింద ఎముక పట్టుకుంది.

“సార్, ఈడ గుంజుతున్నది. రాత్రి పండుకుంటే గూడ గుంజుతున్నది.”

“గదేం కాదు, ఉరుకు. నొప్పి లేకుంట ఎవరు గెలిసిండ్రు?” అన్నాడు పాల్ రాజ్. తర్వాత గొంతు తగ్గించి, “ఇంట్ల చెప్పకు. మీ బాపు పంపడు” అన్నాడు.

ఆమె తలూపి పరుగెత్తింది.

నిజామాబాద్‌లో జిల్లా పోటీల ముందు ఆదివారం ఆయన చర్చిలో లేచి నిలబడి, మా బడి పిల్ల కోసం ప్రార్థన చేయమని సంఘాన్ని అడిగాడు. అందరూ చేశారు. పోటీ రోజు శైలజ ముందువరుసలోనే పరుగెత్తింది. ఆఖరి చుట్టు మొదలవుతుండగా వేగం తగ్గించి, నడిచి, ట్రాక్ పక్క గీత దాటి గడ్డిలో కూలబడింది. పడిపోలేదు. తనంతట తానే కూర్చుంది.

పాల్ రాజ్ పరుగున వెళ్లాడు. ఏమైందని అడిగితే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో. ఆ క్షణంలో మాత్రం వేరే బడుల పిల్లలు, సార్లు చూస్తుండగా, ఇన్నాళ్ల తన కష్టం మట్టిలో పోసిందని, పిరికిదని తిట్టాడు. శైలజ ఏడవలేదు. బూట్లు విప్పి పక్కన పెట్టింది.

రెండు రోజుల తర్వాత హెడ్మాస్టర్ ఆయన్ని పిలిచి, శైలజ కాలి ఎముకలో పగులు ఉందని, బోధన్ డాక్టరు కట్టు వేసి పంపాడని చెప్పాడు. ఒక్కరోజు దెబ్బ కాదట, వారాల తరబడి ఒత్తిడి పడితే వచ్చే పగులట. పాల్ రాజ్ సరేనని బయటికొచ్చి, చేతిపంపు దగ్గర ముఖం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు.

ఆ వారంలో మూడు మార్లు నర్సన్న ఇంటికని బయల్దేరి, వాళ్ల వీధి మలుపు దగ్గర బండి తిప్పేశాడు. ఆదివారం చర్చి బయట పెద్దవాళ్లు పిల్ల గెలిచిందా అని అడిగారు. రెస్టు తీసుకుంటున్నదని చెప్పాడు. అసలు సంగతి తెలిసిన రజిని పక్కనే నిలబడి వింది. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అంది.

“దేవుని ముంగట ఆ పిల్ల కోసం అడిగినవు. ఆ పిల్ల ముంగటికి పోనీకి ఏమైంది?”

ఆ సాయంత్రమే పోయాడు. నర్సన్న ఎదురొచ్చి కుర్చీ వేసి, తాను నేల మీద కూర్చున్నాడు. పాల్ రాజ్ నోరు తెరవకముందే ఆయనే మాట అందుకున్నాడు. మీరు అంత కష్టపడితే మా పిల్ల మీ పేరు చెడగొట్టిందని, తనకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదని అన్నాడు.

“గ్రౌండ్ల కూసున్నదని తెలిసి ఆ దినం ఒక్కటి ఏసిన సారు. తెల్లారి కాలు వాసింది. అప్పుడు గదా తెలిసింది.”

పాల్ రాజ్‌కు కుర్చీలో కూర్చోవడం చేతకాలేదు. లేచి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. నొప్పి సంగతి శైలజ తనకు ముందే చెప్పిందని, ఇంట్లో చెప్పొద్దని తానే అన్నానని చెప్పేశాడు. నర్సన్న తిట్టలేదు. లేచి గొడ్ల పాక వైపు వెళ్లి, చీకటి పడేదాకా రాలేదు.

లోపల మంచం మీద శైలజ అంతా వింది. పాల్ రాజ్ గడప దగ్గర నిలబడి, తప్పు తనదేనని అన్నాడు. ఆమె భయంభయంగా ఒక్కటే అడిగింది.

“కాలు మంచిగయితే మళ్ల ఉరకాల్నా సార్?”

“వద్దనిపిస్తే వద్దు” అన్నాడు.

ఆ మాట వినగానే, గ్రౌండ్‌లో ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

తర్వాత పాల్ రాజ్ ఆదివారం పరుగు ఆపేశాడు. సాయంత్రాలు పిల్లలను కబడ్డీ, ఖోఖో ఏది కావాలంటే అది ఆడుకోనిచ్చాడు. పొద్దున్నే ఎవరికైనా నొప్పి ఉందా అని అడిగేవాడు. ఎవరూ ఉందనేవారు కాదు. శైలజకు పడిన తిట్లు వాళ్లకు గుర్తున్నాయి. ఆ మౌనం తన చేతి పనే అని ఆయనకు తెలుసు. చలికాలం పోయాక గానీ ఎనిమిదో తరగతి వినీత మడమ నొస్తున్నదని చెప్పలేదు. ‘గదేం కాదు’ అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, పిల్లను ఇంటికి పంపాడు. మరుసటి ఆదివారం తానూ భోంచేసి మధ్యాహ్నం నిద్రపోయాడు. లేచేసరికి ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది. అయినా పై వారమూ పడుకున్నాడు.

వానాకాలంలో, బోధన్‌లో ఇంటర్ చేరిన శైలజ, ఒక స్నేహితురాలితో కట్ట మీద మెల్లగా పరుగెత్తుతూ ఎదురైంది. ఆగి నమస్తే పెట్టింది. ఉరకబుద్ధి అయినప్పుడే వస్తున్నానని, పోటీల సంగతి తెలియదని చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు. వాళ్లిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ముందుకు పోయారు. ఆ నవ్వు వినగానే ఆయనకు సంతోషం కలిగింది, అది వినిపించినంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

ఇంటికొచ్చి రజినికి చెప్పాడు. క్షమించమని అడిగావా అంది ఆమె. లేదన్నాడు.

“ఎందుకు?”

“అడిగితే కాదనది రజినీ. ఉరకమన్నప్పుడు గూడ కాదనలేదు గదా.”