మా అయ్య పెట్టుకున్న మాస్కు

1998లో నాకు ఎనిమిదేళ్ళు. గంగవరం తీరంలో ఉండేవాళ్ళం. మా అయ్య దుర్గారావు వేటకెళ్ళి తెచ్చిన చేపల్ని మా అమ్మ పోతమ్మ గంపకెత్తుకుని కూర్మన్నపాలెం క్వార్టర్లలో అమ్మేది.

నోరు మూస్తే నా కింది పళ్ళు పై పళ్ళకి ముందుకొచ్చేవి. ముందు పళ్ళతో ఏదీ కొరకలేకపోయేదాన్ని. బడిలో నన్ను 'గెడ్డం నూకాలు' అనేవారు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఒక ఆదివారం అమ్మ వెంట వెళ్ళాను. రోజూ చేపలు కొనే అనూరాధ గారు పళ్ళ డాక్టరు. వంజరం బేరమాడుతూ నన్ను చూసి ఆగిపోయారు.

"పాపా, ఒకసారి పళ్ళు కలుపు."

కలిపాను. ఆవిడ చేప సంగతే మర్చిపోయారు.

"పోతమ్మా, రేపు క్లినిక్కి తీసుకురా. పై దవడ వెనకబడిపోయింది. ఇప్పుడైతే ముందుకి లాగొచ్చు. పెద్దయ్యాక అంటే ఎముక కొయ్యాల్సొస్తుంది."

ఇంట్లో చెబితే అయ్యకి కోపం వచ్చింది. ఆ దవడ నాకు ఆయన పోలికే మరి.

"మా అయ్యకీ ఇలాగే ఉండీది. నాకూ ఇలాగే ఉంది. నాను బతకలేదా? నా మొగం రోగమేటి?"

"ఆ మాట నువ్వే వచ్చి డాక్టరమ్మతో సెప్పు," అంది అమ్మ.

వచ్చాడు. ఆవిడ నన్ను వదిలేసి ఆయన్నే అడిగారు.

"దుర్గారావు గారూ, మీరు జామకాయ ఎలా తింటారు?"

"పక్క పళ్ళతో."

"చిన్నప్పుడు ఎవరైనా ఏడిపించేవారా?"

 "బడి మానీసింది అందుకేనమ్మా," అన్నాడు అయ్య. అమ్మకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. తర్వాత మెల్లగా అడిగాడు, "నాకూ సరవుద్దా?"

"మీకు ఎముక ఎదగడం ఆగిపోయింది. పాపకింకా ఎదుగుతోంది."

"అయితే దానికి సెయ్యండి."

నా పై పళ్ళకి ఒక ప్లేటు అంటించారు. బయట నుదుటికీ గడ్డానికీ ఆనుకునే మాస్కు, దానికో కడ్డీ. ప్లేటు కొక్కేల నుంచి కడ్డీకి చిన్న రబ్బర్లు తగిలించాలి. బడి నుంచి వచ్చింది మొదలు తెల్లారేదాకా అది మొహం మీదే ఉండాలి. మొదటివారం నొప్పికి గంజి తప్ప దిగలేదు. అంతకంటే వీధి పిల్లల నవ్వులే ఎక్కువ బాధపెట్టాయి. ఒకరోజు మాస్కు తీసి పాత వలల కింద దాచేశాను.

అయ్యకి దొరికింది. తిట్టలేదు. దాన్ని తన మొహానికే పెట్టుకుని, వల తాడుతో తల వెనక ముడేసుకున్నాడు. నా కొలతది కదా, వంకరగా నిలబడింది. నా చెయ్యి పట్టుకుని పడవల దగ్గరికి నడిచాడు. అక్కడ అందరూ వలలు బాగుచేసుకుంటున్నారు.

"ఏటి బావా, ఏటది?" చలమయ్య నవ్వాపుకోలేక అడిగాడు.

"మా గుంటకి డాక్టరమ్మ ఇచ్చింది, దవడ సరవ్వడానికి. అందరూ బాగా సూసీయండి. ఇంక రేపట్నుంచి దాని మొగమ్మీదే ఉంటాది. అప్పుడు మాత్రం నవ్వకండి."

చలమయ్య నవ్వు ఆగిపోయింది. "బాగవుద్దా బావా?"

"అవుద్దంట."

పిల్లలు చుట్టూ మూగారు. మేమూ పెట్టుకుని చూస్తామని ఇద్దరు గొడవ కూడా చేశారు.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఇంట్లో ఉంటే అయ్య తనే చేతులు సబ్బుతో కడుక్కుని రబ్బర్లు మార్చేవాడు. అంత లావు తాళ్ళు లాగే వేళ్ళు ఆ పిసరంత రబ్బరుని కొక్కేనికి తగిలించడానికి తంటాలు పడేవి. పది నెలలకి నా పై పళ్ళు కింది పళ్ళని దాటి ముందుకొచ్చాయి. అద్దం చూసుకుని నేను నవ్వుతుంటే అయ్య ఏడ్చాడు.

"ఇంతటితో అయిపోలేదు," అన్నారు అనూరాధ గారు. "కొందరికి ఎదిగేటప్పుడు కింది దవడ మళ్ళీ ముందుకొస్తుంది. చూసుకుంటూ ఉండాలి."

అలాగే వెళ్ళాం. పదమూడో ఏట కొంచెం మళ్ళీ తేడా వస్తే పళ్ళకి క్లిప్పులు వేశారు. 2006లో ఎక్స్‌రే చూసి, "ఇక రానక్కర్లేదు," అన్నారు.

నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆవిడ నన్ను లేపి, "నేను ఎప్పుడో ఒకసారి చూశాను. రోజూ చూసింది ఆయన," అని అయ్య వైపు చూపించారు. నేనటు తిరిగేసరికి ఆయన కంగారుగా గుమ్మం దాటేశాడు.

"నాకెందుకే! పద పద, బస్సెల్లిపోద్ది."

బస్టాపులో, జనం చూస్తుండగానే, ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఈసారి వద్దనలేదు.