ఒక్క పిలుపుకి పలకనివాళ్ళు

బ్రిక్‌ఫీల్డ్స్‌లో చీరల కొట్టు మీద మేడ, ఆ మేడలో తెలుగు సంఘం హాలు. కిటికీ పక్కనుంచి మోనోరైలు పోయినప్పుడల్లా మైకులో సగం మాట మింగేస్తుంది. ఆ ఆదివారం పొద్దున అక్కడ వాదన పోటీ. అంశం: అమెరికా అంతర్యుద్ధానికి కారణం బానిసత్వమా, రాష్ట్రాల హక్కులా?

మలేషియాలో కూర్చుని అమెరికా గొడవ ఎందుకయ్యా అంటే, అంశం పెట్టినవాడు కార్యదర్శి రఘువీర్. వరంగల్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్ళయింది. నిరుడు ఇక్కడి రాజకీయం మీద పెడితే కుర్చీలు గాల్లోకి లేచాయి. అంతకుముందు కులం మీద పెడితే ముగ్గురు సంఘమే మానేశారు. "అమెరికా అయితే ఎవ్వరికీ తగలదు సార్" అన్నాడు. అదీ వాడి తెలివి.

రాష్ట్రాల హక్కుల వైపు ఉమామహేశ్వర రావు మాస్టారు. అరవై ఎనిమిదేళ్ళు, క్లాంగ్‌లో ఇల్లు. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే హాల్లో పిల్లల చేత అ ఆలు దిద్దిస్తున్నాడు. ఆ వైపు కావాలని ఆయనే అడిగి పుచ్చుకున్నాడు. ఓడిపోయే వైపు నిలబడి గెలిస్తేనే కదా మొనగాడు! ఎదటి వైపు ఆయన మనవరాలే, పునిత. పంతొమ్మిదేళ్ళ పిల్ల. తెలుగు వింటే తెలుస్తుంది, మాట్లాడబోతే నాలుక తడుముకుంటుంది, మాట చివర మలేషియా వాళ్ళ 'లా' ఒకటి తగులుతుంది.

వేదిక వెనక గోడకి గోధుమరంగు కాగితం కప్పిన బోర్డు ఒకటి ఉంది. దాని కింద ఏముందో అందరికీ తెలుసు. 'అచ్చయ్య తెలుగు చదువుల గది'. అచ్చయ్య మాస్టారి తాత. వచ్చే ఆదివారం ఆ కాగితం తీస్తారు.

పోటీకి ముందు తోట పెద్దలకి సన్మానం. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన ముసలివాళ్ళు నలుగురు వచ్చారు. రఘువీర్ మైకులో పిలిచాడు.

"కమలాక్షి గారు!"

మూడో వరసలో ఎనభై దాటిన ఆవిడ, రఘువీర్ వైపే చూస్తూ కూర్చుంది. కదల్లేదు.

"కమలాక్షి గారూ, మీరేనమ్మా!"

కదల్లేదు. "చెవుడేమో" అన్నారెవరో. మూడోసారి పిలిచాక లేచి వచ్చి, శాలువా కప్పించుకుని, దిగి వెళ్ళిపోయింది.

వాదన మొదలైంది. మాస్టారు సుంకాల సంగతి చెప్పాడు, పత్తి ధర చెప్పాడు, ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాడు మా రాష్ట్రం మీద పెత్తనం చెయ్యడమేమిటన్న పౌరుషమే యుద్ధానికి అసలు కారణమన్నాడు.

"సార్, ఇది మన ఆంధ్రా తెలంగాణ నీళ్ళ పంచాయితీ కాదు కదా?" వెనక వరస నుంచి ఎవడో అన్నాడు. హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వాడు. గెలుస్తున్నవాడి నవ్వు.

పునిత లేచింది. చేతిలో ఫోను. "అధ్యక్షా... సారీ తాతా. ఆ సౌత్ స్టేట్స్ విడిపోయినప్పుడు, ఎందుకు విడిపోతున్నామో కొందరు వాళ్ళే పేపరు మీద రాసినారు. బానిసత్వం కోసం అని. వాళ్ళే సెప్పినాక మనం వేరే కారణం ఎందుకు వెతకాల లా?"

చప్పట్లు పడ్డాయి. పిల్లకి ధైర్యం వచ్చింది. "ఇంకోటి. స్టేట్ రైట్స్ అంటారు. ఒక బానిస నార్త్‌కి పారిపోతే, పట్టుకుని తిరిగి ఇచ్చేయాల అని చట్టం. నార్త్ వాళ్ళకి ఇష్టం లేకపోయినా. అప్పుడు నార్త్ స్టేట్ రైట్ ఏటయింది?"

ఈసారి చప్పట్లు ఆగలేదు. దెబ్బ సరిగ్గా తగిలింది. అసలు ఆ దెబ్బకి జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? కథ చెప్తాడు. మాస్టారి దగ్గర ముప్పై ఏళ్ళుగా వాడి వాడి అరిగిన కథ ఒకటి ఉంది.

"పనిచేయించినవాడల్లా రాక్షసుడే అంటే ఎలాగమ్మా?" అన్నాడు. "నూరేళ్ళ కిందట మా తాత అచ్చయ్య బాగన్ దాతుక్ తోటలో కిరాణీ. అంటే గుమాస్తా. దొర మనిషే. ఒకనాడు అప్పలసామి అనే కూలీ మడ అడవిలో తప్పిపోయినాడు. చుట్టూ బురద, ముసళ్ళు. మూడు రోజులు ఎవరికీ దొరకలేదు. మలాయ్ వాళ్ళు పిలిచినా, తమిళం వాళ్ళు పిలిచినా పలకలేదు. అప్పుడు మా తాత ఒక్కడే వెళ్ళి, 'ఒరే అప్పలసామీ' అని తెలుగులో పిలిచినాడు. ఒక్క పిలుపు! ఆ మాట విని మనిషి బయటికి వచ్చినాడు. అదండీ మాతృభాష అంటే. అదండీ ఆనాటి యజమాని ప్రేమ!"

ఈ కథకి ఎప్పుడూ చప్పట్లే. ఆ రోజూ మొదలయ్యాయి.

"తప్పిపోనేదు బాబూ."

గొంతు చిన్నదే. చప్పట్లు తెగిపోయాయి. కమలాక్షి లేచి నిలబడి ఉంది.

"ఆడు మా తాత. నన్ను పెంచినోడు. తప్పిపోనేదు. తప్పించుకున్నాడు. పని వొగ్గేసి పోతే జైలన్న రోజులు. మీ తాత ఎల్లి ఏటని పిలిసినాడో సెప్పనేదేటి? 'ఒరే అప్పలసామీ, మీయమ్మ కాడినుంచి కబురొచ్చింది రా' అని పిలిసినాడు. అమ్మ కబురనేసరికి బురదలోంచి లేసొచ్చినాడు మావోడు. మీ తాత ఎనకాల పోలీసులున్నారు."

పునిత అటూ ఇటూ చూసింది. పిల్లకి సగమే అందింది. పోటీ సంగతి మరిచిపోయి, చిన్నప్పుడు పలక పట్టుకుని అడిగినట్టే అడిగింది.

"తాతా, తప్పిపోవడం, తప్పించుకోవడం... రెండూ సేమా?"

పది మాటల్లో చెప్పొచ్చు. దారి తెలియక పోవడం ఒకటి, సంకెల తెంపుకుని పోవడం ఒకటి. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషి. ఆ పిల్లకి అ ఆలు దిద్దించిన చెయ్యి. మాస్టారు గోడ మీద కాగితం కప్పిన బోర్డు వైపు చూశాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒకటేనమ్మా" అన్నాడు. "పెద్దావిడ తోట భాష కదా. అలా అంటారు."

మోనోరైలు పోయింది. అదైనా ఇంకాసేపు పోతే బాగుండేది. తెలుగు బాగా వచ్చినవాళ్ళంతా తలలు దించుకున్నారు. రఘువీర్ ఫోన్లో లేని మెసేజి చదువుకున్నాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అది తప్పు మాస్టారూ అనలేదు. కమలాక్షి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో ఉంచి మెట్లు దిగిపోయింది.

మొదటి బహుమతి మాస్టారికే ఇచ్చారు. సిగ్గులేని సభ. పుచ్చుకున్నవాడూ అంతే.

క్లాంగ్ తిరిగి వెళ్ళే దారిలో పునిత కారు కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఇల్లు రాబోతుండగా అంది, "తాతా, ఫోన్లో చూసినాను."

"ఏటి?"

"రెండు మాటలూ."

కారు ఆగగానే దిగి లోపలికి పోయింది. మాస్టారు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆయనకి తెలియక కాదు. ఆ సంగతే ఆయన్ని తినేస్తోంది. తొమ్మిదేళ్ళప్పుడు తాత పక్కన గడప మీద కూర్చుని విన్నాడు. ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పాడు: "తప్పించుకున్నోడిని తల్లి పేరు సెప్పి లాగినాన్రా! దొర సైకిలిచ్చినాడు!" ఆ సైకిలు మీదే మాస్టారు తొక్కడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక సంఘంలో మొట్టమొదటి ఉపన్యాసంలో ఈ కథ ఎత్తుకున్నాడు. 'తప్పించు' దాకా నోట్లోకి వచ్చింది. ముందు వరసలో తోటల నుంచి వచ్చిన జనం కనపడ్డారు. నాలుక చటుక్కున మడత తిరిగింది. 'తప్పిపోయినవాడు' అనేశాడు. చప్పట్లు! ఒక్క మాట మార్చితే ఉచ్చు పన్నినవాడు పుణ్యాత్ముడైపోయాడు. ఇంత సులువా అనిపించింది ఆ రోజు. అంతే సులువు. అమెరికాలో ఆ దక్షిణం వాళ్ళ మనవలు చేసిందీ అదే కదా. తాతలు రాసింది చెరిపేసి, హక్కులు అని రాసుకున్నారు. ఆయన వాళ్ళ తరఫున వాదించడానికి పెద్దగా కష్టపడలేదు. అలవాటైన పనే.

బుధవారం ఒక్కడే బాగన్ దాతుక్ వెళ్ళాడు. పామాయిలు తోటలు దాటి, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. గేటు దగ్గర నిలబడి, "కమలాక్షమ్మా!" అని పిలిచాడు.

ఆవిడ వరండాలోనే ఉంది. కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. తలెత్తి చూసింది, మళ్ళీ ఈనెలు చీలుస్తోంది.

"కమలాక్షమ్మా, నేను. మాస్టార్ని."

పలకలేదు. మూడోసారి పిలిచాక, "రా బాబూ, గొళ్ళెం తీసే ఉంది" అంది.

"వినపడలేదేమో అనుకున్నాను."

"ఇనపడకేటి? మా ఇంట్లో ఒక్క పిలుపుకి పలకం. తాత పెట్టిన కట్టు. పేరెట్టి పిలిస్తే మొదటిసారి ఊరుకోవాల. రెండోసారి ఎవుడో సూసుకోవాల. మూడోసారి పలకాల. జైలు నించి వచ్చినాక ఆడు ఎవరితోనూ తెలుగాడనేదు. పిల్లల్తో తమిళమే. మేం నలుగురం తెలుగు నేర్సుకున్నామంటే మా అవ్వ పున్నెం."

మాస్టారికి ఎండలో నిలబడ్డట్టే ఉంది, నీడలో కూర్చున్నా. తెలుగు గొప్పతనానికి ఆ కథ చెప్పాడు తను. ముప్పై ఏళ్ళు.

"తప్పు సేసినానమ్మా" అన్నాడు. హాల్లో మాట్లాడే భాష ఎటో పోయి ఇంటి భాష వచ్చేసింది. "నాకు తెలుసు. తెలిసే సెప్పినాను."

"నాకేటి సెప్తావు? నాకు తెలీదా?" ఈనె చర్రున చీలింది. "తెలీనోళ్ళకి సెప్పు. ఆ పిల్ల అడిగింది గదా, పాపం, అంత ముద్దుగా. టీ తాగుతావేటి?"

తాగాడు. ఏం రుచో తెలియలేదు.

శనివారం రఘువీర్‌కి ఫోను చేశాడు. "ఆ బోర్డు మీద మా తాత పేరు తీసేయించు."

"సార్, ఏందిది? బోర్డు రాసుడైపోయింది, అందర్నీ పిలిచినం. ఎందుకు తీసిన్రని అడుగుతరు."

"అడగనీ. నేనే చెప్తాను. ఆ రోజు నువ్వూ తల దించుకున్నావు కదా బాబూ. నీకు తెలుసు."

"తెల్సు సార్" అన్నాడు.

ఆదివారం క్లాసు. పదిహేను మంది పిల్లలు, వెనక బెంచీల్లో వాళ్ళ అమ్మా నాన్నలు. గోడ మీద కాగితం అలాగే ఉంది, కింద అక్షరాలు లేవు. పునిత వచ్చింది. వారం రోజులుగా తాతతో మాట్లాడని పిల్ల, ఎందుకొచ్చిందో తెలియదు. తలుపు దగ్గర కూర్చుంది.

మాస్టారు నల్లబల్ల మీద రెండు మాటలు రాశాడు. తప్పిపోవడం. తప్పించుకోవడం. రెండో మాట వంకరగా పడింది. తుడిచి మళ్ళీ రాశాడు.

"ఇవి రెండూ ఒకటి కావు" అన్నాడు. "పోయిన ఆదివారం ఇక్కడ నిలబడి ఒకటేనన్నాను. అబద్ధం. మా తాత చేసిన పని దాచడానికి ఆడిన అబద్ధం. ముప్పై ఏళ్ళ కిందట మొదటిసారి ఆడినాను, పోయిన వారం మా మనవరాలి మొహం మీద ఆడినాను." తర్వాత అప్పలసామి కథ చెప్పాడు. మడ అడవి, అమ్మ కబురు, వెనక పోలీసులు, సైకిలు, జైలు నుంచి వచ్చాక అప్పలసామి ఇంట్లో పెట్టిన మూడు పిలుపుల కట్టు. ఏదీ వదల్లేదు. ఒక తండ్రి మధ్యలోనే లేచి పిల్లాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కథ అయిపోయింది. ఎవరన్నా ఆ మాటలు పైకి చదవాలి. అది ఆ క్లాసు పద్ధతి. మాస్టారు సుద్దముక్క చేత్తో పట్టుకుని తలుపు వైపు చూశాడు.

"పునితా" అని పిలిచాడు.

పునిత ఆయన వైపే చూస్తోంది. పలకలేదు.

రెండోసారి పిలవాలి. తను ఎవడో, ఎందుకు పిలుస్తున్నాడో ఆ పిల్లని చూసుకోనివ్వాలి. పిల్లలంతా చూస్తుండగా, సుద్దముక్క పట్టుకుని, ఆయన అలాగే నిలబడ్డాడు.