గోడ మీద రెండో పేరు

సిక్స్‌టెన్ హోల్మ్‌గ్రెన్ స్వీడన్ ఫుట్‌బాల్ జట్టుకు డెబ్బై నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. అతని ఊరివాడే అయిన కాస్పర్ రేన్ ఆడినవి ముప్ఫై తొమ్మిది. అయినా ఆ వసంతంలో ఓ పత్రిక వాళ్లిద్దరూ ఉన్న ఆనాటి జట్టు ఫొటో చూపించి పేర్లు చెప్పమంటే, నూటికి తొంభై ఒక్క మంది కాస్పర్‌ని గుర్తుపట్టారు. సిక్స్‌టెన్‌ని గుర్తుపట్టింది నలుగురు. పదకొండు మందిలో ఆఖరి స్థానం అతనిదే. గోల్ కొట్టినవాడు గుర్తుంటాడు గానీ పడకుండా ఆపినవాడు ఎవరికి గుర్తుంటాడని భార్య మార్గిట్ ఓదార్చబోయింది. ఆ నలుగురిలో నువ్వూ ఒకదానివేమోనని అతను నవ్వేశాడు.

జూన్‌లో మాత్రం నవ్వలేకపోయాడు. ఊరి క్లబ్‌కు నూరేళ్లు నిండుతున్నాయని మైదానం పక్క గోడ మీద కాస్పర్ బొమ్మ వేయించారు. కింద ‘దేశానికి మనమిచ్చిన ఆటగాడు’ అని రాయించారు. కాస్పర్ అక్కడ ఆడింది రెండేళ్లు. సిక్స్‌టెన్ పద్నాలుగేళ్లు ఆడాడు, ఇప్పటికీ ఆ గడ్డి కోసేదీ గీతలు వేసేదీ అతనే.

తిన్నగా క్లబ్ అధ్యక్షురాలు గున్‌వోర్ దగ్గరికి వెళ్లాడు. ఆమె కాఫీ పోసి, దాల్చినచెక్క బన్ను ముందుకు జరిపింది.

“నీ పేరు రాస్తే ఎవరికి తెలుస్తుంది సిక్స్‌టెన్? వచ్చినవాళ్లంతా ఈయనెవరని అడుగుతారు.”

“అడగనీండి. అడిగితే చెప్పండి.”

కమిటీలో పెడతానంది ఆమె. కమిటీలో పెట్టినవి ఏమవుతాయో అతనికి తెలుసు. కాఫీ ముట్టుకోకుండా లేచాడు.

ఉత్సవం రోజు ఉదయం ఊరంతా మైదానంలోనే ఉంది. ఒకపక్క సాసేజ్‌లు కాలుతున్నాయి. కాస్పర్ రాలేకపోతున్నానని కబురు పంపాడు. సిక్స్‌టెన్ గీతలు వేసే తెల్ల రంగు డబ్బా, నిచ్చెన తెచ్చుకుని, అందరి ముందే గోడకు ఆనించి ఎక్కాడు. గున్‌వోర్ పరుగున వచ్చి, జనం చూస్తున్నారు దిగమని గొంతు తగ్గించి చెప్పింది.

“చూడ్డానికే రాస్తున్నా,” అన్నాడతను.

ఉన్న రాత కింద ఇలా రాశాడు: ‘ఇద్దరు. రెండోవాడు సిక్స్‌టెన్ హోల్మ్‌గ్రెన్, 74 మ్యాచ్‌లు.’ గోడ చాలక చివరి అక్షరాలు ఇరుక్కుపోయాయి. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ముసలాడికి మతి పోయిందన్నారు. అతను బ్రష్ కడుక్కుని ఇంటికెళ్లాడు.

వారం తిరక్కుండా కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది: గోడైనా శుభ్రం చెయ్యి, మైదానం తాళాలైనా ఇచ్చెయ్యి. క్షమాపణ చెప్పేస్తే పోతుంది కదా అంది మార్గిట్. అతను తాళాలు తీసుకెళ్లి గున్‌వోర్ బల్ల మీద పెట్టి వచ్చాడు.

జూలై అంతా పగళ్లు పొడుగు, మధ్యమధ్య వాన. గడ్డి మోకాళ్ల దాకా లేచింది. కోయడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. రెండు మ్యాచ్‌లు పక్క ఊళ్లో ఆడుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో గున్‌వోరే తాళాలు పట్టుకుని అతని గుమ్మంలో నిలబడింది. పేరు ఉంచుతామని, పెయింటర్ చేత అందంగా రాయిస్తామని చెప్పింది.

“వద్దు. నేను రాసిందే ఉండాలి, ఆ వంకరతోనే.”

ఆమె తాళాలు అతని చేతిలో పెట్టి, సరేనంది. సిక్స్‌టెన్ బూట్లు తొడుక్కోవడానికి కూర్చున్నాడు. అంత గడ్డి కోయడానికి మూడు రోజులు పట్టింది.