రెండు నిమిషాల పని

టార్చిలైటు పళ్ల మధ్య కరచుకుని, పడవ గదిలో బల్ల కింద బోర్లా పడుకుని, మేస్త్రి ఎడమచేత్తో తీగలు తడుముతున్నాడు. యాభై ఏడేళ్ల ఒళ్లు ఆ సందులో పట్టడమే గొప్ప. ప్యాంటు మోకాళ్ల మీద డీజిలు మరకలు, చొక్కా జేబులో రెండు స్క్రూడ్రైవర్లు. పైన కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

పడవల్లోని జీపీఎస్‌లనీ కంప్యూటర్లనీ కలిపి మాట్లాడించడం అతని వృత్తి. రేవంతా అతన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. ఈ పడవ నడిపే సరంగు ఒక్కడే, ఏ చుట్టరికమూ లేకపోయినా, బావా అంటాడు. కంప్యూటర్ మొరాయించిందంటే చాలు, "బావా, నీ చెల్లెలు మళ్లీ అలిగింది" అని ఫోన్ చేస్తాడు.

అక్కల కాపురాలు ఒక ఒడ్డుకు చేర్చేసరికి మేస్త్రికి పెళ్లీడు దాటిపోయింది. రేవు వెనక మేడమీద ఒక గది, ఒక కంచం, ఒక గ్లాసు. ఆ గదిలో ఫోను మోగితే పనికోసమే మోగుతుంది. బావా అన్న పిలుపు వినబడే ఫోను మూడు నాలుగు నెలలకు ఒకటి వస్తే ఎక్కువ.

అది ఎందుకు వస్తుందో అతనికి తెలుసు. బ్యాటరీ పడిపోయి కంప్యూటర్ ఆగి మళ్లీ లేచేటప్పటికే జీపీఎస్ తీగలోంచి గడగడా అంకెలు చెబుతూ ఉంటుంది. నిద్రమొహంతో వాటిని విన్న కంప్యూటర్, ఎవరో కొత్త మౌస్ తగిలించారని పొరబడుతుంది. ఇక పడవ ఎక్కడుందో చెప్పే అంకెలే బాణాన్ని తెరంతా ఈడుస్తాయి. తీగ పీకి, కంప్యూటర్ని మళ్లీ లేపి, అప్పుడు తీగ పెడితే సర్దుకుంటుంది. మళ్లీ బ్యాటరీ పడేదాకా అంతే. ఆ దొంగ మౌస్‌ని శాశ్వతంగా ఆపేయడం రెండు నిమిషాల పని. ఆరేళ్లుగా మేస్త్రి ఆ పని చేయలేదు. తీగ పీకి పెట్టి, టీ తాగి, గంటన్నర సేపు సరంగు కబుర్లు విని గదికి వెళ్లేవాడు.

ఇవాళ పడవ రేవు విడిచి వెళ్లిపోతోంది. దూరపు రేవులో సరుకుల కంపెనీ దాన్ని కొని, సరంగుని కూడా పనిలో పెట్టుకుంది. మధ్యాహ్నం పోటుకి బయల్దేరాలి.

సరంగు టీ అందిస్తూ పోయిన వారం సంగతి చెప్పాడు. పొగమంచులో రాళ్ల పక్కనుంచి వస్తుంటే బ్యాటరీ పడిందట. కంప్యూటర్ లేచాక బాణం గంతులేసి, గీసిపెట్టుకున్న దారంతా చెరిపేసిందట. తన కూతురు పడవ ముందు నిలబడి రాళ్లు ఎటున్నాయో అరిచి చెబుతుంటే, ఆ అరుపుల్ని నమ్ముకుని నడిపాడట. నవ్వుతూనే చెప్పాడు.

మేస్త్రి తాగకుండానే గ్లాసు పక్కన పెట్టి తెరముందు కూర్చున్నాడు. కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల జాబితా తెరిచి దొంగ మౌస్‌ని ఆపేశాడు. తీగ పీకకుండానే కంప్యూటర్ని ఆపి మళ్లీ లేపాడు. బాణం బుద్ధిగా నిలబడింది. పటం మీద పడవ తనున్న చోటే కనిపించింది.

"ఇక రాదా?" అన్నాడు సరంగు.

"రాదు."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బావా అన్న పిలుపైనా మిగులుతుంది. కానీ పొగమంచులో అరిచిన ఆ పిల్ల గొంతు అతన్ని వదల్లేదు.

"చేస్తే మీరు ఫోన్ చేయరు కదా. అందుకని."

తిడితే పడదామని మేస్త్రి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఊరికే రావచ్చు కదా మేస్త్రీ," అన్నాడు సరంగు. "ఊరికే వచ్చి కూర్చుంటే వద్దంటానా?"

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మేస్త్రికి ఏడుపొచ్చింది. సామాను ఏరుకుంటున్నట్టు వంగి కళ్లు తుడుచుకున్నాడు.

పోటు వచ్చింది. కూతురు తాళ్లు విప్పింది. చుక్కాని దగ్గర సరంగు చెయ్యి ఊపాడో, టోపీ సర్దుకున్నాడో గట్టు మీదున్న మేస్త్రికి తెలియలేదు. పడవ మలుపు తిరిగి కనుమరుగైంది. పక్క పడవవాళ్లు పనుందని పిలిచారు. వస్తున్నానన్నాడు గానీ కదల్లేదు.

పడవ ఆరేళ్లు ఒరుసుకుని నిలబడిన చోట, ఒకవైపంతా దాని నీలం రంగు అంటుకున్న పాత టైరు ఒకటి గట్టు గోడకి వేలాడుతూ, ఖాళీ నీళ్ల మీద ఇంకా కొద్దికొద్దిగా ఊగుతోంది.